గొడుగురాయి కింద భోజనం

ఆఫీసులో ఆయన్ని అందరూ వసపిట్ట అనేవారు. ఎదురుగా అన్నా ఆయన నొచ్చుకునేవాడు కాదు. తిండి పెట్టేది ఆ మాటలే కదా! పొద్దున వ్యాను ఎక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా ఎనిమిది మంది యాత్రికులకి రాళ్ళ గురించి చెప్పాలి. రాళ్ళేమో నోరెత్తవు, కాబట్టి వాటి వంతు కూడా ఈయనే మాట్లాడాలి. గాలీ నీరూ కలిసి యుగాలపాటు తొలిచిన ఆ లోయలో చాలా బండలకి పేర్లు పెట్టింది కూడా ఆయనే. కుర్చీరాయి, మూతిలేని కూజా, అలిగిన అత్తగారు, గొడుగురాయి. "ఎంతమంది కోడళ్ళు వచ్చి ఫొటోలు తీయించుకుని వెళ్ళారో! ఈవిడ మాత్రం ఇటు తిరగలేదండీ" అని అత్తగారి రాయి దగ్గర అంటే నవ్వని గుంపు లేదు. అదే మాటని అన్నేళ్ళుగా, ఆ క్షణమే తట్టినట్టు అనడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

వ్యాను నడిపేది ఆయన భార్య. అందరికీ డ్రైవరమ్మ. ఇదివరకు బడిపిల్లల బండి నడిపేది. వెనక సీట్లో ఎవరు ఎవరి జడ లాగారో అద్దంలోకి చూడకుండా, చప్పుడును బట్టే చెప్పేసేది. పిల్లలు ఆవిడకి వీపు మీద చెవులున్నాయని నమ్మేవారు. ఇక మాటల సంగతంటారా, ఇంటికి సరిపడా మాటలు మొగుడొక్కడే వాడేస్తున్నాడు కాబట్టి ఆవిడ పొదుపుగా ఉండేది.

ఆయన పుట్టుగైడు కాదు. మీసాలు మొలవకముందే మేనమామ రాతి క్వారీలో పనికి పెట్టాడు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. వేలాడే బండ కిందికి ఎవరూ ఊరికే దూరకూడదు. ముందు ఒకడు వెళ్ళి సుత్తితో తట్టి చూడాలి. రాయి గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల పొర విడిచి ఉంటే దబ్బుమంటుంది, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు. తట్టినవాడు సరే అనేదాకా మిగతావాళ్ళు ఎండలో నిలబడాల్సిందే, మేస్త్రీ అయినా సరే. "మా అల్లుడివి పాముచెవులు" అని మామయ్య తెగ మురిసిపోయేవాడు.

ఆ అలవాటునే ఆయన టూర్లలోకి తెచ్చుకున్నాడు. నడుముకి చిన్న సుత్తి, జేబులో ఎర్ర రుమాలు. మధ్యాహ్న భోజనం గొడుగురాయి కింద. ఆ దారి మొత్తానికి నీడంటూ ఉన్నది అక్కడే. గుంపుని బయట నిలబెట్టి, తాను లోపలికెళ్ళి, పైన వేలాడే బండని ఈ చివర నుంచి ఆ చివరదాకా తట్టేవాడు. అంతా బాగుంటే రుమాలు ఊపేవాడు. కింద వ్యానులో ఉన్న డ్రైవరమ్మ అది చూసి భోజనం డబ్బాలు పట్టుకుని పైకి వచ్చేది. యాత్రికులు అదేదో వేడుకనుకుని వీడియోలు తీసుకునేవారు. ఆయనకి మాత్రం అది ఎనిమిది ప్రాణాల లెక్క.

ఆ పాముచెవులే ఇప్పుడు మొరాయించాయి.

క్వారీ పేలుళ్ళ పుణ్యమో, వయసు మహిమో, ముందుగా పోయింది ఆ ఖంగు. ఏ బండని తట్టినా దబ్బుమనే వినిపించడం మొదలైంది. మొదట్లో హడలిపోయాడు. లోయ మొత్తం ఒక్కసారే డొల్లబారిందా ఏమిటి? ఒకరోజు గుంపుని గొడుగురాయి కిందికి పోనివ్వకుండా, తిండి కూడా పెట్టకుండా వెనక్కి తిప్పేశాడు. టూర్ల కంపెనీ ఓనరు ఇంజనీరుని పంపించి చూపిస్తే బండ నిక్షేపంగా ఉంది. "నీకేమైందయ్యా?" అని ఓనరు చివాట్లు పెట్టాడు. అప్పుడర్థమైంది, పాడైంది బండ కాదని.

ఆ పూటే నోరు తెరిచి నాకు వినపడట్లేదని చెప్పేస్తే సరిపోయేది. లోకంలో ఉన్న మాటలన్నీ మాట్లాడిన మనిషికి ఆ ఒక్క మాట పెగల్లేదు. పైగా ఇంకో పని చేశాడు. అబద్ధం చెబుతున్నది చెవి అని తేల్చుకుని, దబ్బుమన్నా సరేననడం మొదలుపెట్టాడు.

చెబితే ఏమవుతుంది? ఓనరు మరీ చెడ్డవాడేం కాదు, టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చోబెడతాడు. కిటికీ పనంటే అవతలివాడు అడగడం, ఇవతలివాడు వినడం. అక్కడ మొదటి గంటలోనే పరువు పోతుంది. ఆ తర్వాత ఇల్లు. పగలంతా భార్య బండి మీదికి పోతే, మాట్లాడటానికి ఎవరూ లేని ఇంట్లో తానేమైపోతాడో ఊహించుకుంటేనే ఆయనకి నోరు పిడచకట్టుకుపోయేది. అందుకని ఉపాయాలు నేర్చుకున్నాడు. ఎవరైనా ప్రశ్న అడిగేలోపే తానే నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. దగ్గరగా నిలబడి పెదాలు చూసేవాడు. అర్థం కాకపోతే నవ్వేసి, "మీరు గట్టివాళ్ళండీ!" అనేవాడు. ఈ మాట దేనికైనా సరిపోయేది. భార్యకి కూడా పొక్కనివ్వలేదు. పొక్కలేదనే ఆయన నమ్మకం.

ఆ రోజు తెల్లారి లేస్తూనే ఆయన బయటికి వచ్చి ఆకాశం వైపు చూశాడు. వరసగా కురిసిన వాన ముందురోజే వెలిసింది. వాన వెలిసి ఎండ కాసిన రోజే బండలు పొర విడుస్తాయి. క్వారీలో అయితే ఆ రోజు ఒకరు తట్టాక ఇంకొకరు మళ్ళీ తట్టేవారు. దానికి తోడు హోరుమని గాలి. వ్యాను దగ్గర నిలబడి వస్తున్నవాళ్ళకి దండాలు పెడుతూనే, ఈపూట ఏదో ఒక వంక చెప్పి గొడుగురాయిని తప్పించేద్దామా అని ఆలోచించాడు. మళ్ళీ ఓనరు చివాట్లు గుర్తొచ్చాయి. రెండోసారి వెనక్కి తిప్పితే కారణం అడుగుతాడు. అడిగితే చెప్పాలి.

ఎక్కినవాళ్ళలో ఒక పళ్ళ డాక్టరమ్మ, ఆవిడ భర్త. రిటైరైన అక్కచెల్లెళ్ళు ఇద్దరు. ఒక కొత్త జంట. వెడల్పాటి టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, భార్యతో. ఈ టోపీ ఆయన ఎక్కడికి వెళ్ళినా ముందుండాలనుకునే బాపతు. వ్యానులో కూడా ముందు సీటు కోసం కాసేపు పేచీ పెట్టి, కుదరక ముఖం మాడ్చుకున్నాడు.

బండి కదిలాక కొత్త పెళ్ళికూతురు ముందుకి వంగి రేడియో వైపు వేలు చూపించి ఏదో అడిగింది. డ్రైవరమ్మ తల అడ్డంగా ఊపింది. గైడు అదేం పట్టించుకోలేదు. కుర్చీరాయి కథ అందుకున్నాడు. కథ నడుస్తోంది గానీ ఆయన మనసంతా గొడుగురాయి మీదే ఉంది.

మూతిలేని కూజా దగ్గర అందరూ దిగారు. ఆయన అలవాటుగా సుత్తితో కూజా నడుముని తట్టాడు. పళ్ళ డాక్టరమ్మ ముచ్చటపడిపోయింది.

"మేమూ ఇంతేనండీ! పన్ను లోపల ఏమైందో తట్టి చూస్తాం. ఒకసారి ఇటివ్వండి."

ఇవ్వక తప్పలేదు. ఆవిడ తట్టింది, తల వంచి వింది, మళ్ళీ తట్టింది. తర్వాత ఆయన వైపు తిరిగి ఏదో అడిగింది. గాలి ఆ మాటని ఎత్తుకుపోయింది. పెదాలు చూద్దామంటే పమిట ఎగిరి అడ్డం వచ్చింది.

"అవునండీ, మహా గట్టి రాయి!" అన్నాడు.

డాక్టరమ్మ కనుబొమలు పైకి లేచాయి. మొగుడి వైపు చూసింది. కూజా లోపల ఖాళీ కాబట్టి అది డొల్లగానే మోగాలి, ఆవిడ అడిగింది కూడా అదే అయి ఉండాలి. ఆ సంగతి ఆయనకి నాలుగడుగులు వేశాక గానీ తట్టలేదు. వెనక్కి వెళ్ళి ఏదైనా జోకు వేసి సర్దేద్దామనుకున్నాడు. జోకు రాలేదు. ఆవిడ దగ్గర సుత్తి తీసుకుని నడుముకి తగిలించుకున్నాడు. వ్యాను కిటికీలోంచి డ్రైవరమ్మ ఇటే చూస్తోంది.

అత్తగారి రాయి దగ్గర అందరూ నవ్వారు, డాక్టరమ్మ తప్ప. ఆవిడ ఆయన్నే చూస్తోంది. నోట్లో ఎక్కడ పుచ్చిందా అని వెతుకుతున్నట్టుంది ఆ చూపు.

ఎండ నెత్తికెక్కే వేళకి గొడుగురాయి ఉన్న మిట్టకి దిగువన చదునులో వ్యాను ఆగింది. అక్కడి నుంచి కొద్దిపాటి ఎక్కుడు. ఆయన ముందు నడుస్తూ, చెయ్యి వెనక్కి చాపి, "నేను చెప్పేదాకా అందరూ ఈ గుండురాయి దగ్గరే ఆగాలండీ" అన్నాడు. రోజూ అనే మాటే. అని, ఆ గుండు దాటి పక్కకి తిరిగి, అక్కడే ఆగిపోయాడు. బండ పక్క అంచున నల్లటి తడిచార కనిపించింది. పోయినసారి అది లేదు. లేదనే గుర్తు. ఉందేమో? దగ్గరికి వెళ్ళి వేలితో రాసి చూశాడు. చల్లగా ఉంది.

తిరిగి చూసేసరికి గుంపంతా బండ కింద ఉంది.

టోపీ ఆయన ఎండకి ఆగలేక ముందు దూరాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళు దూరారు. ఎనిమిది మంది చెప్పులు ఈడ్చుకుంటూ, కబుర్లాడుకుంటూ తన వెనకనుంచే వెళ్ళారు. ఒక్క అడుగు చప్పుడూ తనకి చేరలేదు. అక్కచెల్లెళ్ళు అప్పుడే దుప్పటి కూడా పరిచేశారు.

గైడుకి పైప్రాణం పైనే పోయింది. లేవండి అని అరవాలి. కానీ ఏమని చెప్పి లేపుతాడు? ఆ తడి పాతదే అయితే? తన భయమంతా ఉత్తదే అయితే? మింగలేక కక్కలేక నిలబడి, చివరికి రోజూ చేసే పనే చేశాడు. వాళ్ళ తలల మీద నుంచి చెయ్యి చాపి బండని తట్టాడు. దబ్. ఇంకోచోట. దబ్. అరచెయ్యి ఆనించి చూశాడు. అన్నిచోట్లా ఒకేలా ఉంది. అది మంచికో చెడుకో ఆ చేతికేం తెలుసు?

"మొదలుపెట్టేద్దామా?" టోపీ ఆయన అడిగాడు. "కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి."

గైడు అంచుకి వచ్చి ఎర్ర రుమాలు ఊపాడు.

వ్యాను తలుపు తెరుచుకోలేదు.

మళ్ళీ ఊపాడు. ముందు అద్దంలోంచి డ్రైవరమ్మ కనిపిస్తూనే ఉంది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ఆయన్నే చూస్తోంది. రుమాలు కనపడలేదనుకోవడానికి లేదు. మూడోసారి చెయ్యెత్తబోయి ఆగిపోయాడు. అన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా రాకుండా ఉండలేదు. వ్యాను కిటికీ అద్దాలన్నీ దించేసి ఉన్నాయి. ఇంత ఎండలో ఇంజను, ఏసీ ఆపేసి, కిటికీలు తీసుకుని కూర్చుంటుందేమిటి? ఎప్పటినుంచో అలాగే కూర్చుంటోంది. డీజిలు పొదుపనుకున్నాడు ఇన్నాళ్ళూ.

ఆయన గుండెల్లో రాయి పడింది. వింటోంది. నేను తట్టేది తాను వింటోంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. డ్రైవరమ్మ డబ్బాలు తేకుండా, ఉత్తచేతులతో, కొంగు బొడ్లో దోపుకుని పరుగులాంటి నడకతో పైకి వచ్చింది. ఆయన ఎదురుగా, పెదాలు కనిపించేలా నిలబడింది.

"గాలికి నాక్కూడా వినపడలేదండీ," అంది. "ఆ సుత్తి ఇవ్వండి."

ఇచ్చాడు. ఆవిడ బండని ఒక పక్కనుంచి తడుతూ వచ్చింది. అక్కచెల్లెళ్ళు దుప్పటి మీద నుంచి తలలెత్తి చూస్తున్నారు. తడిచార ఉన్న అంచు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. అక్కడే మరోసారి మెల్లగా తట్టింది.

ఆ చప్పుడు ఆయనకి మిగతా చప్పుళ్ళలాగే ఉంది. కానీ డాక్టరమ్మ తాగుతున్న నీళ్ళసీసా కిందికి దించేసింది. కొత్త పెళ్ళికొడుకు పైకి చూసి భార్య చెయ్యి పట్టుకున్నాడు. టోపీ ఆయన ముఖం పాలిపోయింది. తనకి వినపడని చప్పుడుని ఆయన వాళ్ళ ముఖాల్లో చూశాడు.

"లేవండి," అన్నాడు. "అరవకండి, పరిగెత్తకండి. సామాను అక్కడే వదిలేయండి. ఇటు పక్కనుంచి ఒకరి వెనక ఒకరు. పెద్దక్కగారూ, నా చెయ్యి పట్టుకోండి. దుప్పటి పోతే పోయింది, రండి."

అందరూ బయటపడి గుండు దగ్గరికి చేరేదాకా తలలు లెక్కపెడుతూనే ఉన్నాడు. డ్రైవరమ్మ అందరికన్నా చివర వచ్చింది. బండ పడలేదు. ఎప్పటిలాగే, ఏమీ ఎరగనట్టు, అక్కచెల్లెళ్ళు వదిలేసిన దుప్పటికి నీడనిస్తూ ఉంది. ఈపూట పడుతుందో, వచ్చే వానకి పడుతుందో, మనవల కాలం దాకా అలాగే ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

ఎండలో నిలబడి అందరూ ఆయన వైపే చూశారు. ఇప్పుడు ఒక జోకు వేసి దాటేయొచ్చు. వాన వల్ల అని చెప్పొచ్చు, అదీ నిజమే. భార్య వైపు చూశాడు. ఆవిడ సుత్తిని రెండు చేతులతో పట్టుకుని నేల చూపులు చూస్తోంది.

"నాకు సరిగ్గా వినపడదండీ," అన్నాడు. "చాలా నెలలైంది. ఆ తట్టడమంతా నటన. ఇందాక మీరందరూ కింద కూర్చుని ఉండగా నాకేం తెలియకుండానే సరేనని చెయ్యి ఊపాను."

ముందు తేరుకుంది టోపీ ఆయనే.

"చెవిటాణ్ణి గైడుగా పెట్టుకుని జనాన్ని రాళ్ళ కిందికి తోలుతున్నారా? మా ఆవిడ ఉంది లోపల! ఏమన్నా అయితే ఎవడు జవాబు చెప్తాడు? ఉండు, మీ ఓనరుతో ఇప్పుడే మాట్లాడతా."

"మాట్లాడండి సార్. మాట్లాడాల్సిందే," అన్నాడు గైడు. ఆయనకి కోపం రాలేదు. అందులో ఒక్క అక్షరం తప్పులేదు.

డాక్టరమ్మ మాత్రం దగ్గరికి వచ్చి, పమిట పక్కకి పట్టుకుని, నిదానంగా అడిగింది. "డాక్టరుకి చూపించుకున్నారా?"

"లేదండీ. చూపిస్తే చెవుడు ఉందని తేలిపోతుందని."

"పళ్ళకీ అందరూ అదే అంటారు," అంది ఆవిడ.

భోజనాలు వ్యాను పక్కన, దాని చారెడు నీడలో ఇరుక్కుని కానిచ్చారు. గైడు డబ్బా మూత కూడా తియ్యలేదు. డ్రైవరమ్మ ముందు చక్రం దగ్గర నిలబడి నీళ్ళు తాగుతుంటే పక్కకి వెళ్ళాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"కుక్కరు ఎన్ని కూతలేసిందండీ అంటే మూడు అన్నారు. నేనింకా పొయ్యే వెలిగించలేదు."

"అప్పుడే అడగొచ్చుగా!"

"మీరే చెప్తారని చూశాను." ఆవిడ నీళ్ళసీసా మూత బిగిస్తూ ఆగింది. తర్వాత ఒక్కసారిగా అందుకుంది. "రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నానండీ ఈ బండిలో. మీరు తట్టడం, నేను వినడం. లారీ ఏదైనా వెళ్తే చచ్చేదాన్ని. ఇవాళ ఈ గాలి. మీరేమో రుమాలు ఊపేస్తున్నారు, జనమేమో లోపల కూర్చున్నారు. నా వల్ల కాదిక. మిమ్మల్ని చిన్నబుచ్చకూడదని ఊరుకున్నాను, నేనూ తప్పే చేశాను."

ఆయన ఏదో అనబోయాడు. అలవాటు కొద్దీ "నువ్వు గట్టిదానివి" అన్న మాట నాలుక చివరదాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాడు.

"వెళ్ళగానే ఓనరుకి నేనే చెప్తాను," అన్నాడు. "ఈలోపు ఈ దారి మూసేయమని కూడా."

తిరుగు ప్రయాణంలో టోపీ ఆయన వెనక సీట్లోంచి ఫోనులో చాలాసేపు చేతులు తిప్పుతూ మాట్లాడాడు. ఓనరు ఏమన్నాడో ఆఫీసుకి వెళ్తే గానీ తెలియదు. టిక్కెట్ల కిటికీయో, ఇల్లో, ఇంకేమిటో. గైడు ముందు సీట్లో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. భయం పోలేదు, కానీ ఇప్పుడది తన ఒక్కడి గురించిన భయం.

మెయిన్ రోడ్డు ఎక్కాక డ్రైవరమ్మ చెయ్యి చాపి రేడియో మీట తిప్పింది. చిన్న పచ్చదీపం వెలిగింది. ఆయన దాని వైపు ఆశ్చర్యంగా చూశాడు. వెనక అక్కచెల్లెళ్ళలో చిన్నావిడ తల ఊపుతోంది. కొత్త పెళ్ళికూతురు పెదాలు కదుపుతోంది.

"ఇది పనిచేస్తోందే! పొద్దున ఆ అమ్మాయి అడిగితే లేదన్నావు?"

"కుక్కరు రోజు నుంచి ఆపేశాను," అంది ఆవిడ. బండి నెమ్మది చేసి, ముఖం ఆయన వైపు తిప్పింది. "చెవిలో పాట ఉంటే మీ రాయి వినపడదేమోనని భయం."

పెళ్ళైన కొత్తలో పాట లేకుండా పొయ్యి కూడా వెలిగించని మనిషి. ఇన్ని నెలలుగా ఆ రేడియో మూగగా ఉంటే, పక్క సీట్లోనే కూర్చుని, ఎడతెరిపి లేకుండా వాగుతూ తాను గమనించనే లేదు. ఆయన అరచెయ్యి తీసి రేడియో పైన ఆనించాడు. సన్నగా అదురుతోంది. ఏ పాటో తెలియదు.

ఆవిడ పెదాలు కూడా కదులుతున్నాయి. వసపిట్ట ఆఫీసు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, ఆవిడకి పాట వినపడాలని.